పాల్ నాష్ ప్రకృతి చిత్రాల్లో మనుషులు ఎందుకు కనిపించరు?

ప్రశ్న: గోదారిగట్టు

అందరికీ నమస్కారం. 20వ శతాబ్దపు ఇంగ్లీషు చిత్రకారుడు పాల్ నాష్ వేసిన ప్రకృతి దృశ్య చిత్రాలను కొంతకాలంగా వరుసగా చూస్తున్నాను. పాశ్చాత్య చిత్రకళను శ్రద్ధగా చదివినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక, నన్ను వదలకుండా పట్టుకున్న ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను.

1918లో ఆయన వేసిన 'వి ఆర్ మేకింగ్ ఎ న్యూ వరల్డ్' అనే తైలవర్ణ చిత్రం లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. అడ్డం 91, నిలువు 71 సెంటీమీటర్ల చిన్న కాన్వాస్ అది. ముందుభాగమంతా ఫిరంగి గుండ్లు పడి, గుంతలూ దిబ్బలూ తప్ప సమంగా ఉన్న చోటు ఒక్కటీ మిగలని నేల. ఆ దిబ్బల మధ్య కొమ్మలు విరిగి, మొండి కాండాలుగా మిగిలిన చెట్లు. వాటి వెనుక ఎండిన నెత్తురు రంగులో మబ్బుల బారు, ఆ బారుపై నుంచి వెల్లగా పైకి వస్తున్న సూర్యుడు. మొదటి ప్రపంచయుద్ధం అంతటి మారణహోమాన్ని గురించిన చిత్రంలో ఒక్క సైనికుడు లేడు, ఒక్క శవం లేదు, ఒక తుపాకీ కూడా లేదు. అయినా ఆ యుద్ధం గురించి నేను చూసిన చిత్రాల్లో నన్ను ఇంతగా కలచివేసింది మరొకటి లేదు.

ఆ తర్వాత ఆయన వేసిన సముద్రతీరాలు, రాళ్లు నిలబడిన పొలాలు, రెండో ప్రపంచయుద్ధపు విమాన శకలాలు, చివరి రోజుల్లో వేసిన కొండలు, పొద్దుతిరుగుడు పువ్వులు చూసినా దాదాపు అంతటా ఇదే పద్ధతి కనిపిస్తోంది. మనిషి ఉండవలసిన చోట మరేదో ఉంటుంది. ఇది ఆయన కావాలని ఎంచుకున్న మార్గమా, లేక ఇంగ్లీషు ప్రకృతి చిత్రకళలో ముందునుంచీ ఉన్న అలవాటా? విమర్శకులు ఆయనను యుద్ధ చిత్రకారుడిగా ఒకచోట, అధివాస్తవికుడిగా (సర్రియలిస్టుగా, అంటే కలల్లాంటి వింత దృశ్యాలు వేసేవాడిగా) ఒకచోట, పల్లెసీమల చిత్రకారుడిగా మరోచోట విడివిడిగా చెబుతుంటారు. ఈ ముగ్గురూ నిజంగా ఒకే మనిషేనా అనేది కూడా తెలుసుకోవాలని ఉంది. వివరంగా రాయగలవారు దయచేసి రాయండి.


జవాబు: తడికాగితం

గోదారిగట్టు గారూ, మీ సందేహానికి సమాధానం ఆయన యుద్ధానికి వెళ్లకముందే, పెరిగిన ఇంటి పెరట్లోనే మొదలయిందని నా నమ్మకం. నాష్ 1889లో లండన్‌లోని కెన్సింగ్టన్‌లో పుట్టినా, ఆయన చిన్నతనంలోనే కుటుంబం బకింగ్‌హామ్‌షైర్‌లోని ఐవర్ హీత్ అనే ఊరికి మారింది. తల్లి చాలాకాలం మానసిక అనారోగ్యంతో బాధపడి 1910లో మరణించింది. ఆ ఇంటి తోట చివర వరుసగా నిలబడి ఉన్న ఎల్మ్ చెట్లను ఆయన పగలూ రాత్రీ చూస్తూ గీశారు. యుద్ధానికి ముందరి ఆ చిత్రాలు ఎక్కువ భాగం సిరా గీతలు, సుద్ద, నీటిరంగులతో వేసినవి. 1913 నాటి 'ది త్రీ ఇన్ ది నైట్' అనే చిత్రంలో మూడు చెట్లు చీకట్లో ఒకదానికొకటి దగ్గరగా నిలబడి ఏదో చెప్పుకుంటున్నట్టు ఉంటాయి. చెట్లను మనుషులన్నట్టుగానే భావించి చిత్రించడానికి ప్రయత్నించానని 1912లో ఆయన తన స్నేహితుడైన కవి గోర్డన్ బాటమ్లీకి రాసిన ఉత్తరంలో స్పష్టంగా చెప్పారు. నాష్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకుమించిన తాళంచెవి నాకు దొరకలేదు. ఆయన చిత్రంలో మనిషి లేడని మనం అనుకుంటున్న చోట ఆయన దృష్టిలో మనిషి ఉన్నాడు, చెట్టు రూపంలో.

ఇప్పుడు ఈ మాటను మనసులో ఉంచుకుని ఆయన వెంట బెల్జియం వెళ్లాలి. 1914 సెప్టెంబరులో ఆర్టిస్ట్స్ రైఫిల్స్‌లో చేరిన నాష్, తర్వాత హ్యాంప్‌షైర్ రెజిమెంట్‌లో అధికారి అయి, 1917 తొలి మాసాల్లో ఈప్ర పట్టణం చుట్టూ ఉన్న యుద్ధరంగానికి చేరారు. అది వసంతకాలం, పైగా అప్పట్లో ఆ ప్రాంతం కొంత నెమ్మదిగా ఉంది. గుండ్ల దెబ్బలకు ముక్కలయిన ఒక అడవి రెండు నెలల్లో మళ్లీ పచ్చగా చిగిర్చిన తీరును భార్య మార్గరెట్‌కు రాసిన ఉత్తరాల్లో ఆయన ఆనందంతో వర్ణించారు. ప్రకృతి మనిషి చేసిన గాయాన్ని మాన్పగలదని ఆయనకు అప్పటికి నమ్మకం ఉంది. మే నెలాఖరులో రాత్రిపూట కందకంలో పడి పక్కటెముక విరగడంతో ఆయనను ఇంగ్లండుకు పంపించారు. ఆ తర్వాత కొద్ది రోజులకే హిల్ 60 దగ్గర జరిగిన దాడిలో ఆయన తోటి అధికారుల్లో చాలామంది మరణించారు.

నవంబరులో ప్రభుత్వం తరఫున యుద్ధ చిత్రకారుడిగా తిరిగి వెళ్లేసరికి అక్కడ అడవులు లేవు. జులై 31న మొదలయి నవంబరు 10 వరకు సాగిన పాషెన్‌డేల్ పోరాటం అప్పటికి ముగింపుకు వచ్చింది. ఫ్లాండర్స్ నేల బంకమట్టి. దానిలోని నీరు బయటికి పోవడానికి తరతరాలుగా రైతులు తవ్వుకున్న కాలువలన్నిటినీ ఫిరంగులు నాశనం చేశాయి. ఆగస్టులో, మళ్లీ అక్టోబరులో కురిసిన భారీ వానలకు నేలంతా బురద సముద్రమయింది. మనుషులు, గుర్రాలు, తుపాకీ బండ్లు అందులో మునిగిపోయాయి. ఈసారి భార్యకు రాసిన ఉత్తరంలో ఆశ లేదు. తాను ఇకపై కుతూహలంతో చూసే కళాకారుడు కాడనీ, యుద్ధం ఎప్పటికీ సాగాలని కోరుకునేవారికి పోరాడుతున్నవారి నుంచి వార్త మోసుకువచ్చే దూత అనీ, ఆ వార్తలోని చేదు నిజం వారి ఆత్మలను దహించాలనీ ఆయన రాశారు.

మీరు చెప్పిన చిత్రం ఈ ఆగ్రహం నుంచి పుట్టింది. దీనికి మూలం ఈప్రకు తూర్పున మెనిన్ రోడ్డు పక్కన ఉన్న ఇన్వర్నెస్ కాప్స్ అనే చిన్న వనంలో సూర్యోదయాన్ని చూపే ఒక చిత్రం. దాన్ని ఆయన సిరా, సుద్ద, నీటిరంగులతో ముదురు రంగు కాగితంపై వేశారు. ఐవర్ హీత్ తోటలో ఒకరితో ఒకరు మాట్లాడుకున్న చెట్లే ఇక్కడ చేతులు విరిగి నిలబడ్డాయి. ముందుభాగంలోని దిబ్బలను కాసేపు నిదానంగా చూడండి. అవి ఒక్కొక్కటీ కప్పెట్టిన సమాధి ఆకారంలో ఉంటాయి, వాటి అంచులపై వెలుగు తాకిన చోట రంగు వెలిసిన ఆకుపచ్చ కనిపిస్తుంది. సైనికుడి శవాన్ని వేసి ఉంటే మనం ఆ ఒక్కడి కోసం జాలిపడి ముందుకు సాగిపోయేవాళ్లం. ఇక్కడ జాలి నిలబడటానికి ఒక ముఖం దొరకదు కనుక అది నేలంతటా పరుచుకుంటుంది. నా దృష్టిలో మనుషులను తీసివేయడం ఆయన ఎంచుకున్న మార్గమే.


జవాబు: బొగ్గుగీత

తడికాగితం గారి వివరణ చాలా భాగం నాకు సమ్మతమే కానీ, అంతా ఎంపిక అనడానికి నా మనసు ఒప్పడం లేదు. చిత్రకళ నేర్పే వృత్తిలో ఉన్నందువల్ల చేతి శక్తిని, దాని పరిమితిని కూడా లెక్కలోకి తీసుకోవాలని అనిపిస్తుంది.

నాష్ 1910లో లండన్‌లోని స్లేడ్ స్కూల్‌లో చేరారు. బెన్ నికల్సన్, స్టాన్లీ స్పెన్సర్, మార్క్ గెర్ట్లర్, నెవిన్సన్, డోరా క్యారింగ్టన్ వంటివారు ఆ కాలంలోనే అక్కడ చదివారు. అక్కడి అధ్యాపకుడు హెన్రీ టాంక్స్ శస్త్రవైద్యుడిగా పనిచేసి చిత్రకళలోకి వచ్చిన మనిషి. ఎముక, కండరం తెలిసి మనిషి దేహాన్ని గీయడమే ఆయన బోధనకు పునాది. ఆ విద్యలో నాష్ వెనుకబడ్డారు. తన బొమ్మలను టాంక్స్ ఎంత నిర్లిప్తంగా చూశారో నాష్ తన ఆత్మకథలోనే రాసుకున్నారు. ఏడాదికి కాస్త అటూ ఇటూగా ఆ బడి విడిచిపెట్టారు. మరో పెద్ద చిత్రకారుడు విలియం రిచ్‌మండ్ ఆయన బొమ్మలు చూసి ప్రకృతి వైపు వెళ్లమని సలహా ఇచ్చారు. దేహం గీయడంలో చేయి తిరిగినవాడై ఉంటే నాష్ ఈ మార్గంలోకి వచ్చేవారా అన్నది నాకు నిజమైన సందేహమే. బలహీనత ఉన్న చోటే ఆయన తన బలాన్ని వెతుక్కున్నారని చెప్పడం వల్ల ఆయన స్థాయి ఏమాత్రం తగ్గదు.

ఇంకో విషయం. యుద్ధ చిత్రాల్లో మనుషులు అసలే లేరనడం సరికాదు. 1919లో పూర్తయిన 'ది మెనిన్ రోడ్' చూడండి. 182 సెంటీమీటర్ల ఎత్తు, 317 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ మహాచిత్రాన్ని, కట్టాలనుకుని చివరికి కట్టకుండా వదిలేసిన ఒక స్మారక మందిరం కోసం ప్రభుత్వం వేయించింది. ఆ కొలతను నేషనల్ గ్యాలరీలో ఉన్న, 15వ శతాబ్దపు ఇటాలియన్ చిత్రకారుడు ఉచ్చెల్లో వేసిన యుద్ధ చిత్రాన్ని బట్టి నిర్ణయించారు. ఉచ్చెల్లో చిత్రం నిండా గుర్రాలు, బల్లేలు, యోధులు. అదే కొలతలో నాష్ నీరు నిండిన గుంతలు, కాంక్రీటు దిమ్మెలు, వంకరపోయిన రేకులు, కాలిన మానులు నింపి, చిత్రం మధ్యలో ఎక్కడో ఇద్దరు సైనికులను చీమంత చేసి వదిలారు. దారి ఉండవలసిన చోట దారి లేదు, వారు ఎటు పోవాలో వారికే తెలియదు. మబ్బులను చీల్చుకుని పడే కాంతి కూడా ఫిరంగి గొట్టాల్లా బిగుసుకుని ఉంటుంది. మనుషులను పూర్తిగా తీసివేసిన చిత్రం కన్నా ఈ చిత్రంలోనే ఆయన చెప్పదలచినది ఎక్కువగా నెరవేరిందని నేను అనుకుంటాను. మరో విశేషం ఏమిటంటే నాష్ తైలవర్ణాలు ముట్టుకున్నదే 1918లో. ఆ ఏడాదిలోనే తమ్ముడు జాన్ నాష్‌తో కలిసి చాల్ఫాంట్ సెయింట్ పీటర్‌లో మూలికలు ఆరబెట్టే ఒక షెడ్డును అద్దెకు తీసుకుని, ఈ పెద్ద కాన్వాసుపై పని ప్రారంభించారు.

ఆయన ఆధునికత గురించి మీరు నేరుగా అడగలేదు, అయినా దాన్ని దాటి ముందుకు పోలేం. 1921లో ఆయన ఆరోగ్యం ఒక్కసారిగా కుప్పకూలింది. యుద్ధంలో పడిన ఒత్తిడి ఫలితమని వైద్యులు భావించారు. కెంట్ తీరంలోని డిమ్‌చర్చ్‌లో భార్యతో 1925 వరకు నివసించారు. అక్కడ రామ్నీ మార్ష్ అనే పల్లపు నేల, పోటు వచ్చినప్పుడు సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది. సముద్రాన్ని ఆపి ఉంచేది పొడవైన ఒక రాతి గట్టు మాత్రమే. ఆ గట్టును, మెట్లను, కర్ర అడ్డుకట్టలను ఆయన మళ్లీ మళ్లీ చిత్రించారు. లీడ్స్‌లో ఉన్న 'ది షోర్' (1923), యార్క్‌లో ఉన్న 'వింటర్ సీ' ఆ వరుసలోవే. 'వింటర్ సీ' 1925లో మొదలయి 1937లో గానీ పూర్తి కాలేదు. అందులో అలలు నీటిలా ఉండవు. బూడిద, నలుపు, తుప్పు పట్టిన ఆకుపచ్చ పలకలను ఒకదానిపై ఒకటి మడిచిపెట్టినట్టు ఉంటాయి. సెజాన్ తర్వాతి ఫ్రెంచి చిత్రకళ నేర్పిన కోణాల నిర్మాణాన్ని ఆయన ఎక్కడినుంచో తెచ్చి తగిలించలేదు, ఆ గట్టు ఆకారంలోనే ఆయనకు అది కనిపించింది. ఆధునికుడు కావడం, బ్రిటిష్‌వాడిగా ఉండటం రెండూ ఒకేసారి సాధ్యమా అన్న ప్రశ్నను 1932లో ఒక పత్రికా వ్యాసంలో ఆయన బహిరంగంగా లేవనెత్తారు. ఆ మరుసటి ఏడాది హెన్రీ మూర్, బార్బరా హెప్‌వర్త్, బెన్ నికల్సన్ తదితరులతో కలిసి యూనిట్ వన్ అనే బృందాన్ని ఏర్పాటు చేశారు. చిత్రకారులు, శిల్పులతో పాటు వాస్తుశిల్పులు కూడా అందులో ఉన్నారు.


ప్రశ్న అడిగినవారు: గోదారిగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. 'ది మెనిన్ రోడ్'ను పెద్ద సైజులో మళ్లీ తెరిచి చూశాను. మధ్యలోని ఆ ఇద్దరు సైనికులను వెతుక్కుని పట్టుకోవలసి వచ్చింది, అదే ఆయన ఉద్దేశం కావచ్చు.

ఇంకో ప్రశ్న మిగిలింది. 1930ల చిత్రాల దగ్గర నాకు పట్టు దొరకడం లేదు. 'ఈవెంట్ ఆన్ ది డౌన్స్' (1934) లో పచ్చిక దిబ్బల మీద ఒక పెద్ద టెన్నిసు బంతి, దాని ఎదురుగా ఒక చెట్టు మొద్దు, పైన ఒక మబ్బు తునక మాత్రమే ఉన్నాయి. 'ల్యాండ్‌స్కేప్ ఫ్రమ్ ఎ డ్రీమ్' (1936–38) లో సముద్రపు కొండ అంచున ఒక గద్ద నిలువుటద్దంలో తనను తాను చూసుకుంటోంది, అద్దంలో ఎర్రటి ఆకాశం, గాలిలో తేలే గోళాలు. ఇవి పారిస్‌లో అప్పుడు నడుస్తున్న అధివాస్తవిక పోకడకు లొంగి వేసినవి కావా? యుద్ధ చిత్రాల్లో ఉన్న నిజాయితీ వీటిలో ఉందా?


జవాబు: నీలిమబ్బు

పారిస్ ప్రభావం లేదని ఎవరూ అనలేరు. 1928లో లండన్‌లో జరిగిన ఇటాలియన్ చిత్రకారుడు డి కిరికో ప్రదర్శన ఆయనపై గాఢమైన ముద్ర వేసింది. మరుసటి ఏడాది వేసిన 'ల్యాండ్‌స్కేప్ ఎట్ ఐడెన్' లో పేర్చిన కట్టెలు, కంచె, చిన్న మొక్కల వరుసలు ఎవరూ లేని రంగస్థలంలా కనిపించడానికి కారణం అదే. 1936లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ అధివాస్తవిక ప్రదర్శన నిర్వాహక సంఘంలో ఆయన ఉన్నారు, తన చిత్రాలనూ ప్రదర్శించారు. అయితే ఆయన అధివాస్తవికతకు వేళ్లు ఇంగ్లీషు నేలలోనే ఉన్నాయనడానికి గట్టి ఆధారాలున్నాయి.

1933 వేసవిలో విల్ట్‌షైర్‌లోని ఏవ్‌బరీకి వెళ్లినప్పుడు వేల ఏళ్ల నాటి నిలువురాళ్లను ఆయన మొదటిసారి చూశారు. పొలాల మధ్య కొన్ని నిలబడి, కొన్ని పడిపోయి, గడ్డిలో సగం కూరుకుపోయి ఉన్న ఆ రాళ్లలో ఆయనకు ఒక ఉనికి, దాదాపు ఒక వ్యక్తిత్వం కనిపించింది. కొన్నేళ్ల తర్వాత అలెగ్జాండర్ కీలర్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు జరిపి, పడిన రాళ్లను మళ్లీ నిలబెట్టి, ఆ చోటును తీర్చిదిద్దారు. చదువుకునేవారికి అది మేలు చేసినా, అంతకుముందరి అడవితనమే నాష్‌కు ప్రియమైనది. అక్కడినుంచి వచ్చిన 'ఈక్వివలెంట్స్ ఫర్ ది మెగాలిత్స్' (1935; పెద్ద నిలువురాళ్లకు సమానమైన రూపాలు అని అర్థం) లో పాత రాళ్ల స్థానంలో స్తంభాలు, గళ్ల పలక, కోసిన పొలం ఉంటాయి. వెనుక మెట్లు మెట్లుగా ఒక ప్రాచీన దుర్గపు కొండ. రాయిని ఉన్నది ఉన్నట్టు నకలు తీయకుండా, రాయి ఆ పొలంలో చేసే పనిని చేసే మరో రూపాన్ని ఆయన వెతికారు. పేరులోనే ఆ సంగతి ఉంది.

1931లో భార్య కానుకగా ఇచ్చిన కొడాక్ కెమెరా ఈ దశలో ఆయనకు రెండో కన్ను అయింది. ఉబ్బసం వల్ల గంటల తరబడి ఆరుబయట కూర్చుని గీయడం కష్టమయ్యేకొద్దీ ఫోటోల అవసరం పెరిగింది. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని టేట్ కళా సంస్థ భాండాగారంలో ఉన్నాయి. వాటిలో జనంతో కిక్కిరిసిన వీధులు మీకు కనిపించవు. మెట్లు, దుంగలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలు, కంచెలు, గుంతలు కనిపిస్తాయి. గ్లోస్టర్‌షైర్‌లో ఒక పొలంలో కూలిపడి ఉన్న రెండు ఎల్మ్ చెట్లను ఫోటో తీసి, వాటిని మృగాలుగా భావించి 'మాన్‌స్టర్ ఫీల్డ్' అనే చిత్రం, వ్యాసం రెండూ తయారు చేశారు. 1912లో చెట్టును మనిషిగా చూసిన చూపే ఇక్కడ మృగంగా చూస్తోంది. అందుచేత 1930ల చిత్రాలు ఆయనను తన దారి నుంచి తప్పించాయని నేను అనుకోను, ఎప్పటినుంచో ఆయన చేస్తున్న పనికి ఒక సమకాలీన వ్యాకరణాన్ని ఇచ్చాయి. టెన్నిసు బంతి చిత్రం నాకూ అంతగా నచ్చదు, అందులో అమరిక ముందు, అనుభవం వెనుక ఉన్నట్టు అనిపిస్తుంది. గద్ద చిత్రం సంగతి వేరు. డోర్సెట్‌లోని స్వానేజ్ తీరపు కొండలను బాగా ఎరిగిన మనిషి వేసినది కనుక, కల ఎంత వింతదైనా కాలి కింద నేల గట్టిగా ఉంటుంది.

మనుషులు లేకపోవడం ఆయనకు నిజంగా సమస్య తెచ్చిపెట్టిన సందర్భం ఒకటుంది. 1940లో వైమానిక మంత్రిత్వ శాఖ ఆయనను యుద్ధ చిత్రకారుడిగా నియమించింది. శాఖ అధికారులకు కావలసినవి పైలట్ల రూపచిత్రాలు, వీరుల ముఖాలు. నాష్‌కు ఆసక్తి ఉన్నది విమానంలోనే, కూలిన విమానం నేల మీద పడి ఉన్న తీరులోనే. ఆ ఏడాది చివరికే నియామకం ముగిసింది. కెన్నెత్ క్లార్క్ అధ్యక్షతలోని యుద్ధ చిత్రకారుల సలహా సంఘం ఆయన విలువ తెలిసి అండగా నిలబడటం వల్లనే తర్వాతి చిత్రాలు సాధ్యమయ్యాయి.

వాటిలో మొదట చూడవలసినది టేట్‌లోని 'టోటెస్ మీర్' (1940–41). ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కౌలీలో కూలిన జర్మన్ విమానాల శకలాలను గుట్టలుగా పోసిన ఒక తుక్కు మైదానం ఉండేది. ఆయన అక్కడ ఫోటోలు తీసుకుని, నీటిరంగుల్లో వేసుకుని, తర్వాత పెద్ద కాన్వాసుపై దాన్ని వెన్నెల రాత్రిలో గడ్డకట్టిన సముద్రంగా మార్చారు. మృత సముద్రం అనే అర్థం గల పేరును జర్మన్ భాషలోనే ఉంచారు. రెక్కలు, తోకలు, చక్రాలు అలలై ఒడ్డును కొడుతున్నట్టు పేరుకున్నాయి. కుడివైపు దూరంగా తక్కువ ఎత్తులో ఎగురుతున్న ఒక తెల్లని గుడ్లగూబ మాత్రమే ఆ దృశ్యంలో కదిలే ప్రాణి. బొగ్గుగీత గారు చెప్పిన 'వింటర్ సీ'ని పక్కన పెట్టి చూస్తే, పలకలు పలకలుగా మడతపడిన డిమ్‌చర్చ్ అలలు ఇక్కడ లోహమై తిరిగివచ్చాయని స్పష్టంగా తెలుస్తుంది. ముగ్గురు నాష్‌లు ఒకరేనా అని మీరు అడిగారు కదా, యుద్ధ చిత్రకారుడు, అధివాస్తవికుడు, తీరపు చిత్రకారుడు ముగ్గురూ కలిసి వేసిన చిత్రం ఇదే.


జవాబు: కొండదారి

చివరి చిత్రాల గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు కనుక ఆ భాగం నేను రాస్తాను. నాష్ వేసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే.

థేమ్స్ నది ఒడ్డున వాలింగ్‌ఫర్డ్‌కు సమీపంలో విటెన్‌హామ్ క్లంప్స్ అనే జంట గుట్టలున్నాయి. రెండింటి నెత్తిమీదా గుబురుగా బీచ్ చెట్లు, ఒక గుట్టపై ఇనుపయుగం నాటి కోట గట్లు. కుర్రవాడిగా ఉన్నప్పుడే నాష్ వీటిని చూసి ముగ్ధుడై, 1912లో 'ది వుడ్ ఆన్ ది హిల్' అనే చిత్రం వేశారు. తన చిన్న లోకానికి అవే పిరమిడ్లని తర్వాత రాసుకున్నారు. దాదాపు 30 ఏళ్ల తర్వాత, ఉబ్బసం ముదిరి దూరప్రయాణాలు చేయలేని స్థితిలో, ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని బోర్స్ హిల్‌పై ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్లివస్తుండేవారు. అక్కడినుంచి దుర్భిణీ పెట్టి చూస్తే ఆ గుట్టలు మళ్లీ కనిపించాయి. దూరంలో ఉన్నదాన్ని కటకం దగ్గరకు లాగి చూపడం వల్ల ఆ చిత్రాల్లో ముందుభాగానికీ గుట్టలకూ మధ్య ఉన్న మైళ్ల నేల నలిగి, రంగుల పొరలుగా మిగిలింది. 

'ల్యాండ్‌స్కేప్ ఆఫ్ ది వెర్నల్ ఈక్వినాక్స్' అనే పేరుతో 1943 నుంచి ఆయన వేసిన చిత్రాల్లో ఒకవైపు అస్తమించే సూర్యుడు, మరోవైపు ఉదయించిన చంద్రుడు ఒకే ఆకాశంలో ఉంటారు. రాత్రింబవళ్లు సమానమైన వసంత విషువత్తు నాటి దృశ్యం అది. గుట్టలో ఒక సగం గులాబి కాంతిలో, మరో సగం నీలి వెన్నెలలో ఉంటుంది. కళా విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ తైలవర్ణాలను ఆయన నీటిరంగుల్లా పలుచగా, పొడిగా వేశారు. చాలాచోట్ల కాన్వాసు నేత కనిపిస్తూనే ఉంటుంది, రంగు గోకినట్టు ఉంటుంది. 1918 నాటి బిగువైన గీత ఇక్కడ పూర్తిగా సడలింది.

ఇక పొద్దుతిరుగుడు పువ్వు. ఆ పువ్వును గురించిన విలియం బ్లేక్ కవిత నాష్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు. నడివేసవి పండుగనాడు మండే చక్రాన్ని కొండపై నుంచి దొర్లించే ఐరోపా ఆచారాన్ని మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ రచనలో చదివారు. 1945లో ఈ రెండూ కలిసి 'సోల్‌స్టిస్ ఆఫ్ ది సన్‌ఫ్లవర్' అయ్యాయి. అందులో పువ్వు నిప్పుల చక్రమై పొలం మీదుగా దొర్లిపోతోంది. అది ఇప్పుడు కెనడా జాతీయ గ్యాలరీలో ఉంది. అదే ఏడాది వేసిన 'ఎక్లిప్స్ ఆఫ్ ది సన్‌ఫ్లవర్' లో గ్రహణం పట్టిన సూర్యుడి స్థానంలో పువ్వే ఉంది. ఇవి నాలుగు చిత్రాల వరుసగా ఉండాలని ఆయన ఉద్దేశం. మిగిలిన రెండూ తైలవర్ణాల్లో పూర్తి కాకముందే, 1946 జులై 11న బాస్కమ్‌లో 57 ఏళ్ల వయసులో మరణించారు.

మీ పేరు చూసి ఒక సంగతి చెప్పాలనిపించింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసి, దామెర్ల రామారావును, అడివి బాపిరాజును చిత్రకళ వైపు ప్రోత్సహించిన ఆస్వాల్డ్ కూల్డ్రే సొంత ఊరు అబింగ్డన్. 1919లో ఉద్యోగం వదిలి ఆయన అక్కడికే తిరిగి వెళ్లారు, స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు కూడా. ఆ ఊరికి విటెన్‌హామ్ గుట్టలు కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నాయి. రాజమండ్రి చిత్రకళకు తొలి ఊతమిచ్చిన మనిషి పెరిగిన నేలా, నాష్ జీవితాంతం చిత్రించిన నేలా ఒకటే.


జవాబు: బొగ్గుగీత

కొండదారి గారు రంగు పలుచదనం గురించి చెప్పినదానికి చిన్న చేర్పు. స్క్రీన్ మీద చూసేటప్పుడు ఈ చివరి చిత్రాలు అన్నిటికన్నా ఎక్కువగా నష్టపోతాయి. గులాబి, లేతపసుపు మధ్య ఉన్న తేడా చాలా ఫోన్లలో చెరిగిపోయి మొత్తం తీపి రంగుల బొమ్మలా కనిపిస్తుంది. గోదారిగట్టు గారు మ్యూజియంల వెబ్‌సైట్లలోని పెద్ద సైజు ప్రతులనే చూడటం మంచిది. స్కాట్లాండ్ జాతీయ గ్యాలరీలవారి వద్ద ఉన్న 1944 నాటి విషువత్తు చిత్రం, లివర్‌పూల్‌లోని వాకర్ గ్యాలరీలో ఉన్న 'ల్యాండ్‌స్కేప్ ఆఫ్ ది మూన్స్ లాస్ట్ ఫేజ్' రెండూ ఒకే కాలానివి, ఒకే గుట్టలవి. వాటిని పక్కపక్కన తెరిచి, ముందు ఆకాశాలను వదిలేసి చెట్ల గుబుర్లను మాత్రమే పోల్చండి. ఆ తర్వాత మీకు కనిపించినది ఇక్కడ రాస్తే, చెట్టు మనిషికి ప్రతినిధి అన్న తడికాగితం గారి వాదన చివరి దశకు కూడా వర్తిస్తుందా లేదా అన్నది అందరం కలిసి చర్చించవచ్చు. నాకైతే 1944 నాటికి ఆయన చెట్లు మనుషులుగా ఉండటం మానేసి చెట్లుగానే నిలిచాయనిపిస్తోంది, తడికాగితం గారు దీనికి ఒప్పుకోరని తెలుసు.